ఇసుక కొండల మీద నాలుగు చక్రాలు



రెండు నెలలుగా ఈ పేజీ ఆలస్యముగా అందుతున్నదని కొందరు చదువరులు ఫోను చేసి అడిగారు. కారణము చెప్పడానికి కొంచెము సిగ్గుగానే ఉన్నది. మేము సెలవు తీసికొన్నాము. ఇరవై రెండేండ్ల సేవలో బంధువుల పెండ్లిండ్లకు, చావులకు తప్ప ఊరు విడిచి వెళ్ళి ఎరుగము. సిడ్నీలో ఉద్యోగము చేసికొంటున్న మా తమ్ముడు ఊరుకోలేదు. "అన్నయ్యా, వదిన మోకాళ్ళు బాగున్నప్పుడే రండి" అని 2025 జనవరికి టిక్కెట్లు పంపించాడు. తీరా వెళ్ళిన తరువాత ఎక్కడికి తీసికొని వెళ్ళాడయ్యా అంటే సముద్రపు ఒడ్డుకు! చీరాల ప్రక్క ఇసుక నేలలో పుట్టి, వాడరేవులో ఈత నేర్చుకొన్న మనిషికి సముద్రము చూపిస్తానని రెండువందల కిలోమీటర్లు కారులో త్రిప్పాడు. మా ఇంటి ఆమె దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నది.

సిడ్నీకి ఉత్తరముగా రెండున్నర గంటలు వెళితే పోర్ట్ స్టీఫెన్స్ అనే ప్రాంతము వస్తుంది. అక్కడ నెల్సన్ బే అనే ఊళ్ళో మూడు రోజులకు ఒక ఇల్లు అద్దెకు తీసికొన్నారు. వాళ్ళకు జనవరి అంటే నడి వేసవి, బడులకు సెలవులు. మే నెల ఆదివారము నాడు మన సూర్యలంక ఎట్లుంటుందో అట్లా ఉన్నది అక్కడి సందడి. కాకపోతే మిరపకాయ బజ్జీల బండి ఒక్కటీ కనబడలేదు.

ఆ ఊరికి దగ్గరలోనే ఆనా బే దగ్గర మొదలై న్యూకాజిల్ రేవు ప్రక్కనున్న స్టాక్టన్ వరకు సుమారు 32 కిలోమీటర్ల పొడుగున ఒకే ఇసుక తీరము. తీరము అంటే మన ఊళ్ళో వలె చదునుగా ఉండదు. ఒడ్డు వెనుక ఇసుక కొండలు. కొన్ని ముప్పై మీటర్ల ఎత్తుకు పైన ఉంటాయి, అంటే మన దేవాలయపు గంట గోపురమును రెండుసార్లు నిలబెట్టినంత. గాలికి ఇవి కదులుతాయి. సముద్రము వైపు నుండి గాలి ఇసుకను మెల్లగా పైకి తోసికొని వెళ్ళి, శిఖరము దాటించి అవతల ప్రక్క జారవిడుస్తుంది. అందుచేత గాలి తగిలే వైపు వాలు సన్నముగాను, అవతలి వైపు ఏటవాలుగాను ఉంటుంది. ఈ సంగతి తరువాత మాకు పనికివచ్చింది కాబట్టి ముందే చెప్పుచున్నాము.

మా తమ్ముడి కొడుకుకు పదిహేనేండ్లు. ఇంకా రెండు నెలలకు పదహారు నిండుతాయి. వాడే ఈ పన్నాగము పన్నాడు. "పెదనాన్నా, రేపు క్వాడ్ బైకుల మీద ఇసుక కొండలు ఎక్కుతున్నాము. మీరు కూడా నడపాలి" అన్నాడు. మన దేశములోనూ గోవా వంటి తీరములలో ఇవి అద్దెకు తిరుగుతున్నాయి. చూడని వారి కొరకు చెబుతాము. మోటారు సైకిలుకు నాలుగు లావుపాటి చక్రాలు తగిలించినట్లుంటుంది. సీటు మీద రెండు ప్రక్కల కాళ్ళు వేసి కూర్చోవాలి. చక్రాలలో గాలి చాలా తక్కువ, చేత్తో నొక్కితే సొట్ట పడుతుంది. అందుకే ఇసుకలో కూరుకొనదు. గేరు, క్లచ్చి జోలి లేకుండా బొటనవ్రేలితో ఒక మీట నొక్కితే కదులుతుంది. చూడడానికి ఆటబొమ్మ. బరువు మాత్రము మూడు బస్తాల వడ్లకు తక్కువ ఉండదు, చాలా బండ్లు అంతకంటె ఎక్కువే.

1970లో అమెరికాలో హోండా కంపెనీవారు ఇటువంటి బండిని మూడు చక్రాలతో అమ్మడము మొదలుపెట్టారు. 1980ల మొదట్లో సుజుకీవారు నాలుగు చక్రాలది తెచ్చారు. మూడు చక్రాలవి బోల్తాపడి పిల్లలు చాలామంది చనిపోవడము చేత 1988 నాటికి అక్కడ కొత్తవి అమ్మకుండా నిలిపివేశారు. నాలుగు చక్రాలవి నిలిచాయి. నాలుగు కాళ్ళున్నది పడదని మనము అనుకొంటాము. అక్కడే చిక్కంతా ఉన్నది.

మరునాడు ఉదయము మేము వెళ్ళిన చోటు ఆ నేలకు అసలు హక్కుదారులైన వొరిమి ప్రజలు నడుపుతున్నది. ఆస్ట్రేలియాకు తెల్లవారు రాకముందు నుండి తరతరాలుగా ఆ తీరములో ఉన్న ఆదివాసులు వారు. 2007లో ఆ ఇసుక కొండలను, వెనుకనున్న అడవిని కలిపి 4,200 హెక్టార్లకు పైగా భూమిని ప్రభుత్వము వారి పేర తిరిగి వ్రాసింది. వారు మరల దానిని ప్రభుత్వమునకే కౌలుకిచ్చి, పార్కుగా కలిసి చూచుకొంటున్నారు. ఎవరి నేల మీద ఎవరు కౌలుదారులో తలక్రిందులైన ఆ ఏర్పాటు వినగానే, పోరంబోకు పట్టా కొరకు తహసీలుదారు కార్యాలయము చుట్టూ తిరిగే మా సంఘపు కుటుంబాలు కొన్ని జ్ఞాపకము వచ్చాయి. టిక్కెట్టు ధర తమ్ముడు చెప్పలేదు, మేము అడుగలేదు. రూపాయలలో లెక్కవేస్తే బండి ఎక్కలేమని భయము.

ముందుగా ఒక కాగితము నింపమన్నారు. పేరు, వయస్సు, జబ్బులేమైనా ఉన్నాయా అని. పదహారేండ్లు నిండనివారు పెద్దల బండి నడపడానికి వీలులేదు, దారి చూపేవారి వెనుక కూర్చోవచ్చును అన్నారు. మావాడి ముఖము వాడిపోయింది. "రెండు నెలలే గదా నాన్నా, పదహారు అని వ్రాయి" అని తెలుగులో గొణిగాడు. మా తమ్ముడు కలము పట్టుకొని మా వైపు చూశాడు. ఆదివారము ప్రసంగపీఠము ఎక్కి సత్యము గురించి చెప్పే మేము ఆ క్షణములో ఏమి చేశామో వ్రాయడము ధర్మము. గోడ మీది పటము చూస్తున్నట్లు నటించాము. సెలవు రోజున పిల్లవాడి సంతోషము చెడగొట్టడమెందుకని. మా మరదలే కలము లాగికొని పుట్టిన తేదీ ఉన్నది ఉన్నట్లు వ్రాసింది. వాడు ఆమెతో ఒక గంటసేపు మాట్లాడలేదు.

మాకు దారి చూపడానికి వచ్చినది ఇరవై అయిదేండ్ల అమ్మాయి, వొరిమి పిల్ల. మా సంఘములో యౌవనస్థుల కూటములో పాటలు పాడే అమ్మాయిల వయస్సు. మమ్మల్ని "మేట్" అని పిలిచింది. అంటే వాళ్ళ భాషలో "ఏమోయ్ నేస్తమా" అన్నట్లు. ఎవరి చేతనైనా 'అయ్యగారూ' అనిపించుకోవడము అలవాటైన ప్రాణము కొంచెము ఉలిక్కిపడిన మాట నిజము. "మా అన్నయ్య ట్రాక్టరు నడుపుతాడు" అని తమ్ముడు గొప్పగా చెప్పాడు. ఆ అమ్మాయి నవ్వి, "అయితే మీరే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి" అన్నది. మాకు ఆ మాట నచ్చలేదు.

హెల్మెట్లు బిగించి అరగంటసేపు చదునులో నేర్పించింది. ఆమె చెప్పిన మాటలు మా ఇంటి ఆమె ఇప్పటికీ వ్రేళ్ళ మీద అప్పజెప్పుతుంది. ముందు బండి చక్రాల జాడలోనే నడపాలి. ముందు బండికి, మనకు నడుమ ఎడము వదలాలి. కొండ ఎక్కేటప్పుడు నిట్టనిలువుగా సూటిగా ఎక్కాలి, సగములో ఆగకూడదు. శిఖరము మీద మాత్రము ఆగి అవతల ఏమున్నదో చూడాలి, ఎందుకనగా అవతలి వైపు గోడ వలె ఉండవచ్చును. వాలు మీద అడ్డముగా త్రిప్పకూడదు. అన్నిటికంటె ముఖ్యము, బండి ఒరిగినట్లు అనిపించినా కాలు క్రింద పెట్టకూడదు. మోటారు సైకిలు మీద మనము కాలు ఆనించి ఆపుతాము. ఇక్కడ కాలు ఆనిస్తే వెనుక చక్రము ఆ కాలి మీదికే ఎక్కుతుంది. బండిని కాళ్ళతో కాదు, ఒంటి బరువుతో నిలబెట్టాలి. కుడికి ఒరిగితే ఎడమకు వంగాలి, పడవలో కూర్చున్నట్లు.

బోల్తా పడితే ఏమవుతుందని మావాడు అడిగాడు. ఆమె తిన్నగా చెప్పింది. ఎముకలు విరిగి చనిపోయేవారు కొందరైతే, పెద్ద దెబ్బ తగలకుండానే బండి క్రింద ఇరుక్కొని, రొమ్ము మీద బరువుకు ఊపిరి ఆడక చనిపోయేవారు మరికొందరు. ఆ దేశములో రైతులు పశువులను తోలడానికి, కంచెలు చూచుకోవడానికి ఈ బండ్లనే వాడుతారు. 2011 తరువాత కొన్నేండ్లపాటు సగటున ఏడాదికి పదిహేనుమందికి తక్కువ కాకుండా చనిపోయారు. వారిలో పిల్లలూ ఉన్నారు. చివరికి 2019లో ప్రభుత్వము నిబంధన తెచ్చింది. 2021 అక్టోబరు నుండి పొలము పనికి అమ్మే కొత్త బండి ప్రతిదానికీ వెనుక ఇనుప కమాను వంటిది ఉండి తీరాలి. బండి పడినా మనిషి పూర్తిగా నలిగిపోకుండా అది కొంత చోటు మిగులుస్తుంది. అది పెట్టము అని కొన్ని పెద్ద కంపెనీలు ఆ దేశములో అమ్మకమే మానుకొన్నాయి.

రొమ్ము మీద బరువు అన్న మాట దగ్గర మా చెవులు మూసికొని పోయాయి. తరువాత ఆమె చెప్పినది మేము సరిగా వినలేదు. కారణము ముందుకు చెబుతాము.

బయలుదేరాము. ముందు ఆ అమ్మాయి, వెనుక మా తమ్ముడు, మరదలు, తరువాత మా ఇంటి ఆమె, ఆమె వెనుక మేము, అందరికంటె చివర ఇంకొక గైడు, అతని వెనుక మూతి ముడుచుకొన్న మావాడు. మొదట కొంత దూరము అడవి బాట. చెట్లు చూస్తే ఇంటికి వచ్చినట్లే ఉన్నది. మన పొలాల గట్ల మీద కాగితపు మిల్లుకు పెంచే జామాయిలుకు పుట్టిల్లు ఆ దేశమే గదా. వాసన కూడా అదే. అడవి చీలిపోగానే ఒక్కసారిగా ఇసుక. కంటికి ఆనినంత మేర తెల్లటి మెరకలు, వాటి అంచున నీలముగా పసిఫిక్ మహాసముద్రము. దేవుని చేతిపని ఎంతటిదో అక్కడ నోటితో చెప్పనక్కరలేదు.

మొదటి కొండ దగ్గర ఆగి, ఆ అమ్మాయి ఒక పల్లములో మోకాళ్ళ మీద కూర్చొని చేతులతో ఇసుక తోడసాగింది. మోచేతి లోతు త్రవ్వగానే నీరు ఊరింది. సముద్రము కనుచూపు దూరములో ఉన్నది, నీరు మాత్రము తియ్యన. మా తమ్ముడు ఆశ్చర్యపోయాడు గాని మేము, మా ఇంటి ఆమె ఒకరినొకరు చూచుకొన్నాము. ఏటి ఇసుకలో చెలమ తీయని పల్లెటూరి మనిషి ఎవరు? మా వైపు ఇసుక నేలల్లో దొరువులు త్రవ్వి, కావిడి కుండలతో నీళ్ళు తోడి నారుమళ్ళు తడిపిన చేతులు ఇంకా బ్రతికే ఉన్నాయి. వాననీరు ఇసుకలోకి దిగి, బరువైన ఉప్పు నీటి మీద తేలికైన మంచినీరు పొరగా నిలుస్తుంది. లోతుకు బోరు దింపి లాగితే ఉప్పు పైకి వస్తుంది, పైపైన తోడుకొంటే ఎన్నేండ్లయినా తియ్యగానే ఉంటుంది. ఈ మాట మావాడి చేత ఇంగ్లీషులో చెప్పించాము. ఆ అమ్మాయి కండ్లు మెరిశాయి. "మీ ఊళ్ళో కూడానా?" అని, చెలమ అనే మాటను రెండుసార్లు పలికి చూచింది. 'చ' బాగానే వచ్చింది, 'ళ' వంటి దానిని అడుగలేదు లెండి.

తరువాత ఇసుకలో చెల్లాచెదురుగా పడియున్న తెల్లటి గుల్లలు చూపించింది. పిపీలు అంటారట. మన తీరములో కెరటము వెనుకకు తీసేటప్పుడు కాలి మడమతో త్రవ్వి ఏరుకొనే చిన్న ఆల్చిప్పల వంటివే, కొంచెము పెద్దవి. వొరిమి పెద్దలు వందల ఏండ్లుగా వాటిని కాల్చుకొని తిని, గుల్లలు ఒకేచోట వేసేవారు. ఎక్కడ ఏమి తిన్నామో తరువాత వచ్చేవారికి తెలియడానికి కూడానట. ఆ దిబ్బలలో రాతి పనిముట్లు దొరుకుతాయి. కొన్నిచోట్ల సమాధులూ ఉన్నాయి. అందుకే బండ్లు ఇష్టము వచ్చినట్లు తిరుగకూడదు, వారు చూపిన జాడలోనే వెళ్ళాలి. "ఇది మా అమ్మమ్మల వంటిల్లు" అన్నది. వంటింట్లోకి చెప్పులతో వెళ్ళము గదా.

ఇదంతా చెవులారా విన్న తరువాతనే మేము చేసిన పని జరిగింది.

రెండు కొండలు బాగానే ఎక్కాము. స్కూటీ నడిపే మా ఇంటి ఆమె గీత గీసినట్లు ముందు బండి జాడ తప్పకుండా వెళుతున్నది. మాకు ధైర్యము వచ్చింది, ధైర్యముతోబాటు విసుగు వచ్చింది. ఇరవై ఏండ్ల నాడే తడి మాగాణిలో ట్రాక్టరు దమ్ము చేసినవాళ్ళము, పిల్లల వలె వరుసలో పోవడమేమిటని. మూడవ కొండ వాలు మీద ఆమె బండి, వెనుక సముద్రము కలిసి చక్కగా కనబడ్డాయి. ప్రక్కకు వచ్చి ఒక ఫోటో తీద్దామని జాడ విడిచి అడ్డముగా త్రిప్పాము.

పైవైపు చక్రాలు రెండూ తేలికైనట్లు తెలిసింది. ఇంజను చప్పుడు మారింది. బండి క్రిందివైపుకు ఒరుగుతున్నది. వద్దని చెప్పిన పనే మా కాలు తనంతట తాను చేసింది. క్రిందికి చాచాము. ఆనించడానికి నేల లేదు, జారే ఇసుక ఉన్నది. వెనుక నుండి "పెదనాన్నా, పైకి వంగు! కొండ వైపుకు వంగు!" అని అరుపు. తెలుగులో అరిచాడు కాబట్టి అర్థమయింది. ఇంగ్లీషులో అయితే ఇంకా తర్జుమా చేసికొంటూ ఉండేవాళ్ళము. కాలు లాగికొని ఒళ్ళంతా కొండ వైపుకు పడవేశాము. బండి ఒక్క క్షణము ఆలోచించినట్లు ఆగి, నాలుగు చక్రాల మీద కూర్చున్నది.

ఆ అమ్మాయి అందరినీ ఆపింది. నడిచి వచ్చి మా బండి తాళము త్రిప్పి ఇంజను ఆపివేసి, మమ్మల్ని పైవైపు నుండి దిగమన్నది. గొంతు పెంచలేదు. ముందు మా కాలు చూచింది. తరువాత మా చక్రాలు పోయిన గీతను చూపించింది. ఇంకొక నాలుగు బారలు వెళితే తెల్లటి గుల్లల దిబ్బ. ఏమీ అనలేదు, చూపించింది అంతే. మాకు తెలిసిన ఇంగ్లీషులో క్షమాపణ చెప్పుకొన్నాము. సరేనని చెప్పి, మిగిలిన దారి అంతా మమ్మల్ని తన వెనుకనే, అంటే వరుసలో మొదట, చిన్న పిల్లవాడిని బెంచీలో ముందు కూర్చోబెట్టినట్లు పెట్టుకొన్నది. నలభై ఆరేండ్ల వయస్సులో, మా ఇంటి ఆమె, మరదలు చూస్తుండగా!

తరువాతి సంగతులు త్వరగా చెబుతాము. ఒక ఎత్తైన కొండ మీద చెక్క పలకలు ఇచ్చి కూర్చొని క్రిందికి జారమన్నారు. మావాడు పదిసార్లు జారాడు, అలక తీరింది. మోకాళ్ళ నొప్పులని టిక్కెట్లు తెప్పించుకొన్న మా ఇంటి ఆమె మూడుసార్లు జారింది. మరునాడు పెద్ద జీపులో ఆ తీరములోనే ఉన్న టిన్ సిటీ అనే రేకుల గుడిసెలు చూచి వచ్చాము. 1930లలో పనులు దొరకని కరవు కాలములో బీదవారు ఇసుకలో వేసికొన్నవి. ఇప్పుడు పదకొండు మిగిలాయి. ఒకటి కూలితే మరల కట్టడానికి అనుమతి లేదు. ఇసుక మీద ఇల్లు అని చిన్నప్పటినుండి ఆదివారపు బడిలో చెప్పుచున్నాము గాని, ఇసుక మీద తొంబై ఏండ్లు నిలిచిన ఇండ్లను చూచినప్పుడు ఏమి చెప్పాలో తోచలేదు. తలుపుల ముందు ఇసుకను రోజూ పారతో తీసివేస్తారట.

ఆ రాత్రి అందరూ పడుకొన్న తరువాత మావాడు వరండాలోకి వచ్చి మా ప్రక్కన కూర్చున్నాడు. "పెదనాన్నా, ఆ అమ్మాయి అంతసేపు చెప్పింది గదా, మీరెందుకు త్రిప్పారు?" అని అడిగాడు. పిల్లలు అడిగినట్లు పెద్దలు అడుగరు. బదులుగా మేము వాడికి 2011లో మా ఊళ్ళో జరిగినది చెప్పాము. ఈ పేజీలో ఎప్పుడూ వ్రాయలేదు.

తండ్రి లేని కుర్రవాడు. పందొమ్మిదేండ్లు. కూలికి ట్రాక్టరు నడిపేవాడు. వడ్ల బస్తాలతో నిండిన ట్రక్కును లాగుతూ కాలువ గట్టు ఎక్కుతుంటే ముందు చక్రాలు లేచాయి. ట్రాక్టరు వెల్లకిలా పడింది. మేము పరుగెత్తుకొని వెళ్ళేసరికి ఇంకా ప్రాణమున్నది. ఒంటి మీద రక్తము కూడా పెద్దగా లేదు. రొమ్ము మీద స్టీరింగు ఉన్నది. పదిహేనుమందిమి ఎత్తబోయినా లేవలేదు. ఇంకొక ట్రాక్టరు తెచ్చి గొలుసు వేసేసరికి ఊపిరి పోయింది. సమాధి కార్యక్రమము మేమే జరిగించాము, వాళ్ళ అమ్మ చేయి పట్టుకొని దేవుని చిత్తమని చెప్పాము. చెప్పనిది ఒకటున్నది. ఆ పిల్లవాడు తొమ్మిదేండ్లప్పుడు మొదట స్టీరింగు పట్టినది మా ఒళ్ళో కూర్చొనే. పొలము నుండి వచ్చేటప్పుడు పిల్లలను మడ్గార్డుల మీద ఎక్కించుకొని, ఒక్కొక్కరిని ఒళ్ళో కూర్చోబెట్టి నడిపించడము మాకు సరదా. వాళ్ళకూ సరదానే. ట్రాక్టరంటే భయపడవలసినది కాదని వాడికి నేర్పినది మేమే.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మన ట్రాక్టర్లకు ఆ ఇనుప కమాను ఉండదా?" అని అడిగాడు. స్వీడను దేశములో 1959 నుండి కొత్త ట్రాక్టరు ప్రతిదానికి అటువంటి చట్రము తప్పనిసరి చేశారు. అక్కడ బోల్తాపడి చనిపోయేవారు దాదాపు లేకుండా పోయారు. మన ఊళ్ళలో తిరుగుతున్న ట్రాక్టర్లలో ఎన్నింటికి ఉన్నదో మీరే మీ వీధిలోకి వెళ్ళి చూడండి. ఎండకు కట్టిన రేకు కప్పు కాదు మేము అంటున్నది, బండి బరువు మోసే ఇనుము. ఇక ట్రక్కులలో కూలి మనుషులను నింపుకొని వెళ్ళడము వేరే కథ. 2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు కాలువలో పడి పదిమందికి పైగా చనిపోతే, వారిలో ఎక్కువమంది నాట్లు వేయడానికో కలుపు తీయడానికో రోజూ అట్లా వెళ్ళే స్త్రీలే.

మీ పిల్లలు విహారయాత్రకు వెళ్ళి ఈ నాలుగు చక్రాల బండి ఎక్కుతామంటే వద్దనకండి. మేమూ మరల ఎక్కుతాము. హెల్మెట్టు ఇస్తున్నారా, ముందు నేర్పిస్తున్నారా, వయస్సు అడుగుతున్నారా అని చూడండి. ఇద్దరు ముగ్గురిని ఒక బండి మీద కుక్కి, డబ్బు తీసికొని వదలివేసేవారి దగ్గరకు వెళ్ళవద్దు. వయస్సు అడిగితే గోడ మీది పటము చూడవద్దు.

ఫిబ్రవరిలో తిరిగి వచ్చాము. వచ్చిన రెండవ వారములో ప్రక్క ఊళ్ళో మూడు రాత్రుల కూటములు. ఎప్పటివలెనే సంఘపెద్దగారి ట్రాక్టరు గుడి ముందు సిద్ధముగా ఉన్నది. ట్రక్కు నిండా స్త్రీలు, తప్పెట, హార్మోనియము. రెండు మడ్గార్డుల మీద అయిదుగురు పిల్లలు. మేము వెళ్ళి, పిల్లలను దింపండి అన్నాము. ఎవరూ కదలలేదు. సంఘపెద్దగారు నవ్వి, "అయ్యగారూ, ఆస్ట్రేలియా వెళ్ళి వచ్చి భయము నేర్చుకొన్నారా? ఇరవై ఏండ్లుగా ఇట్లాగే వెళుతున్నాము. మడ్గార్డు మీద ఎక్కించడము మాకు అలవాటు చేసినది మీరే గదా" అన్నారు.

"అవునండీ, మేమే" అన్నాము.

ఆయన నవ్వు ఆపారు. ఆ కుర్రవాడి తల్లి ట్రక్కులోనే కూర్చొని ఉన్నది, చేతిలో పాటల పుస్తకము పట్టుకొని. ఆమె ఏమీ అనలేదు. ఆయన కొంతసేపు స్టీరింగు వైపు చూస్తూ ఉండి, ఇంజను ఆపి, దిగి వచ్చి, అందరిలో చిన్నవాడిని చంకల క్రింద చేతులు పెట్టి తానే దింపారు. వాడు ఏడ్చాడు. తరువాత స్త్రీలు కూడా ఒక్కొక్కరుగా దిగారు.

ఆ మూడు రాత్రులు ఆటో రెండేసి ట్రిప్పులు వేసింది. కిరాయి మొత్తము పద్దెనిమిది వందలు. సంఘపు లెక్కలలో దానిని ఏ పద్దు క్రింద వ్రాయాలో ఖజాంచిగారు ఇంకా తేల్చలేదు.